కోసిన మంచంకోళ్ళు

రింబో బుజాంగ్, సుమత్రా
అక్టోబరు 1983

పర్జియో అన్నయ్యకు,

చెల్లెలు తర్మి సలాములు. ఇక్కడ ఇద్దరం క్షేమం. వదిననూ నిన్నూ తలుచుకోని రోజు లేదు.

వానలు మొదలయ్యాయి. జావా నుంచి మమ్మల్ని తరలించి సర్కారు కట్టించి ఇచ్చిన ఈ చెక్క ఇంటి తలుపు ఉబ్బిపోయింది. మూస్తే తెరుచుకోదు, తెరిస్తే మూసుకోదు. తోసి తోసి నా భుజం వాచింది గానీ దాని వాపు తగ్గలేదు. చిత్రిక పట్టేద్దామనుకుని, నిన్నడక్కుండా పడితే ఏమంటావోనని ఆగాను. ఇంకొకటి. ఇక్కడి కలప మన టేకు లాంటిది కాదు, చివర్న మేకు కొడితే నిలువునా చీలుతోంది.

మూడోది చెబితే కోప్పడకు. నాన్న చేసిన టేకు మంచం ఉంది కదా, ఓడలో మాతోపాటు తెచ్చుకున్నది. దాని కోళ్ళు కోసి ఎత్తు తగ్గించాలి. మోకాలి కంటే కిందికి రావాలి. రేకుల కప్పు కింద ఉడికిపోతున్నాం, నేలకు దగ్గరైతే చల్లగా ఉంటుందని. మా నేల ఎగుడుదిగుడు. నాలుగూ సమానంగా ఎలా కోయాలో రాయి.

మీ బావ పొలం పనిలో తలమునకలుగా ఉన్నారు, అందుకే నేనడుగుతున్నాను.

తర్మి

*

బ్లోరా, జావా
నవంబరు 1983

తర్మీ,

వానలు మొదలయ్యాయంటావు, ఉడికిపోతున్నామంటావు. ఒకే కాగితం మీద రెండు కాలాలు ఎలా పట్టాయే?

ముందు తలుపు. వానాకాలంలో చిత్రిక పట్టకు. ఇప్పుడు సరిపోయేలా చెక్కితే ఎండాకాలంలో సందులోంచి పిల్లి దూరుతుంది. చిమ్నీ మసి గుడ్డతో తీసి గుమ్మం చట్రానికి పూయి, తలుపు ఒకసారి మూసి తెరువు. మసి ఎక్కడ అంటిందో అక్కడే పట్టేస్తోందన్నమాట. అంతమేరే గాజుపెంకుతో గీకి, కొవ్వొత్తి రుద్దు. మేకు కొట్టేముందు దాని మొన సుత్తితో తట్టి మొద్దు చేయి, సబ్బులో గుచ్చి కొట్టు. పదును మేకు కలపను చీలుస్తుంది, మొద్దు మేకు నలుపుకుంటూ దిగుతుంది.

ఇక మంచం. ఆ కోళ్ళకు కలప ఏరడానికి నాన్న ఎన్ని అడవులు తిరిగాడో చూసినదానివి, నీకు చెయ్యెలా వస్తుంది? అయినా కోస్తానంటున్నావు, కోసేదానివే. కాబట్టి విను. కొలత నేల నుంచి తీయకు. మంచం పట్టె నుంచి కిందికి తీయి. కొబ్బరీనె ఒకటి కావలసిన పొడవుకు తుంచి, నాలుగు కోళ్ళకూ ఆ ఒక్క ఈనెతోనే గుర్తు పెట్టు. టేపు చూసే కన్ను తప్పుతుంది, ఈనె తప్పదు.

కోసిన ముక్కలు పొయ్యిలో పెట్టావంటే మనకు మాటల్లేవు. ఏ ముక్క ఏ కోడుదో గుర్తు గీసి దాచు. ముక్కయినా నాన్న టేకు అది.

అది సరే, మా బావ వగినో చేతులకేమైంది? నాలుగు కోళ్ళు కోసే తీరిక కూడా లేనంత పొలమా సర్కారు మీకిచ్చింది?

అన్నయ్య

*

రింబో బుజాంగ్
డిసెంబరు 1983

అన్నయ్యకు,

తలుపు దారికొచ్చింది. మసి చట్రానికీ అంటింది, నా ముక్కుకూ అంటింది. మంచం నేనే కోశాను. రంపం ముట్టుకుంటే నాన్న "ఆడపిల్లవి, నీకెందుకే అది, వెళ్ళి బియ్యం ఏరుకో" అని అరిచేవాడు. కోస్తున్నంతసేపూ ఆ అరుపే చెవిలో మోగింది. మంచం మాత్రం ఊగడం లేదు, అన్నయ్యా. కోళ్ళ కింద ఒక్క చెక్కపేడు కూడా పెట్టలేదు. ముక్కలు దాచాను.

ఇప్పుడొక కుర్చీ చేయాలి. రెండు పక్కలా చేతులు ఆన్చుకునేలా, వెనక ఆనుకునేలా, కూర్చునే పలక మధ్యలో గుండ్రటి కన్నంతో. నీళ్ళ కుండ పెట్టుకోవడానికి. ఆ కన్నం కోయడం నాకు రావడం లేదు. ఒక పలక ఇప్పటికే ముక్కలు చేశాను. జిగురు అతికేదాకా బిగించిపెట్టడానికి నా దగ్గర బిగింపులూ లేవు. ఎక్కడ చెయ్యేసినా ఒళ్ళు ఆనినా పేడు గుచ్చుకోకూడదు. ఉప్పుకాగితం పట్నంలో తప్ప దొరకదు, పట్నం వెళ్ళే దారి బురదలో ఉంది.

ఈరోజు మీ బావ గంజి కాకుండా అన్నం తిన్నారు, సోయాగింజల తెంపె వేపుడుతో. సంతోషంగా ఉంది.

తర్మి

*

బ్లోరా
జనవరి 1984

తర్మీ,

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించాను. "కుండ వెనక్కి ఆనుకుంటుందేంటండీ? చేతులెక్కడ పెట్టుకుంటుందట?" అని విరగబడి నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపేసింది. నాకూ నవ్వు రాలేదు.

సరే, కుండ నీది, కుర్చీ నీది. ఒక్క పలకలో కన్నం కోయబోతే అది చీలకుండా ఉండదు. రెండు పలకలు తీసుకుని ఒక్కోదాని అంచున అర్ధచంద్రం కోయి. పక్కపక్కన చేర్చితే అదే గుండ్రమవుతుంది. బిగింపులు కొనకు. పాడైన సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి, అతికిన చోట గట్టిగా లాగి చుట్టు. నా దగ్గర ఇనుప బిగింపులున్నా నేను ట్యూబే వాడతాను. ఉప్పుకాగితం బదులు అడవిలో గరుకాకు దొరుకుతుంది, పిల్లి నాలుకలా ఉంటుంది, నాన్న మనచేత ఏరించేవాడే, అదే. ఎండిన ఆకు తడిపి రుద్దు.

ఇక ఇక్కడి కబుర్లు. మా వీధి చివర క్రొమో తాత అని ఒకాయన ఉన్నాడు. నువ్వు వెళ్ళాక వచ్చినవాడు, నీకు తెలియదు. ఎడ్లబండి మీదికి దుంగలు ఎక్కిస్తూ జారిపడి నడుముకు దెబ్బ తగిలించుకున్నాడు. కాళ్ళు పలకడం లేదు. ఆయన పనే నా నెత్తిన పడింది. మంచం పైన దూలానికి తాడు కట్టి, దాని చివర గుండ్రటి కర్రపిడి బిగించాను, పట్టుకుని లేచి కూర్చోవడానికి. కొన్నాళ్ళు పోయాక గది మధ్యలో రెండు వరసల కమ్మీలు పాతాలి, వాటి నడుమ నిలబడి నడవడానికి. కమ్మీ ఎత్తు నడుముదాకా కాదు. మనిషి చేతులు వేలాడేసినప్పుడు మణికట్టు ఎక్కడికొస్తే అక్కడికి. నిలబడలేని మనిషికి పడుకోబెట్టే కొలవచ్చు, మడమ నుంచి మణికట్టుదాకా.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, ఊరికే. ఎవరితోనైనా చెప్పుకోవాలి కదా.

అన్నయ్య

*

రింబో బుజాంగ్
ఫిబ్రవరి 1984

అన్నయ్యకు,

కుర్చీ అయింది. అర్ధచంద్రాలు రెండూ సరిగ్గా కలవలేదు గానీ, కుండ ఫిర్యాదు చేయలేదు.

క్రొమో తాత సంగతి చదివి బాధేసింది. ఆయనెలా ఉన్నాడు? నిన్ను కొన్ని అడగాలని ఉంది. తాత తిడతాడా? అన్నం పళ్ళెం తోసేస్తాడా? గోడవైపు తిరిగి పడుకుంటే ఎంతకీ ఇటు తిరగడా? ఆయన పెళ్ళాం ఏం చేస్తుంది అప్పుడు? ఏడిస్తే ఆయనకు వినపడేలా ఏడుస్తుందా, వినపడకుండానా? ఇవన్నీ ఎందుకంటే, ఇక్కడ మా పొరుగున కూడా అలాంటి మనిషి ఒకరున్నారు. పెళ్ళాం మంచిదే గానీ, కొత్త ఊరు, అత్త లేదు, అమ్మ లేదు, అడగడానికి ఎవరూ లేరు.

నువ్వు రాసిన తాడూ పిడీ ఆ ఇంట్లో కట్టాను. ఆయన దాన్ని చూడను కూడా చూడలేదు. కమ్మీలూ పాతాను. మణికట్టు కొలత తీస్తుంటే "శవపేటికకా?" అన్నారు. నేను కొలత పూర్తి చేశాను.

తీరా అన్నీ పాతి, నున్నగా రుద్ది, "ఇక లేవండి" అంటే, ఆయన పడుకున్నచోటు నుంచే ఒక నిలువుకర్ర వైపు చూసి ఏమన్నారో తెలుసా? "అది తలకిందులుగా పాతావు. కణుపు చూడు, కిందికి వాలింది. కొస భూమిలో ఉంది, మొదలు పైన ఉంది. తలకిందుల చెట్టును పట్టుకుని నేను నిటారుగా నిలబడాలా? నావల్ల కాదు." అని గోడవైపు తిరిగారు.

ఇక్కడ దుంగలు మోటారు రంపంతో కోసి కుప్ప పోస్తారు, ఏది మొదలో ఏది కొసో ఎవరూ గుర్తు పెట్టరు. మన ఊళ్ళో అయితే దుంగ కోసిన వెంటనే మొదలు వైపు గీత పెడతారు కదా. నేను చిత్రిక పట్టేసరికి కణుపు కూడా సగం పోయింది. నిజంగానే తలకిందులయిందో, లేవకుండా ఉండడానికి సాకు చెబుతున్నారో తెలియడం లేదు. ఎలా తేల్చుకోవాలి?

తర్మి

*

బ్లోరా
మార్చి 1984

తర్మీ,

తాత తిడతాడు. నన్ను తిడతాడు, కర్రను తిడతాడు, కర్ర మొలిచిన అడవిని తిడతాడు. పళ్ళెం తోసేశాడు కూడా. ఆయన పెళ్ళాం మళ్ళీ వడ్డించలేదు, ఆకలేసినప్పుడు ఆయనే అడిగాడు. ఏడుపు మాత్రం బావి దగ్గర ఏడుస్తుంది, చేద గిలక చప్పుడులో ఎవరికీ వినపడదు. మీ పొరుగామెకు చెప్పు, ఏడవడం తప్పు కాదని. రాత్రీ పగలూ ఒక్కతే మోస్తున్నప్పుడు ఎవరికైనా ఏడుపొస్తుంది.

ఇప్పుడు కర్ర సంగతి. సాకే కావచ్చు. కానీ సాకైనా మన మనిషి చెప్పిన సాకు అది, కొట్టిపారేయకూడదు. మొదలు పైకి పెట్టిన నిట్రాట కింద నేను కూడా పడుకోను. నాన్నయితే ఇల్లు విప్పించి మళ్ళీ కట్టించేవాడు. కాబట్టి వాదించకు, కర్ర పెకలించు.

చిత్రిక పట్టిన కర్రకు మొదలు తెలుసుకోవడం తేలికే. కర్ర అంత పొడవు దారం తీసుకుని సగానికి మడువు. ఆ కొలతతో కచ్చితంగా నడిమధ్యన తాడు కట్టి గాల్లో వేలాడదీయి. ఏ వైపు కిందికి వాలితే అది మొదలు. చెట్టు తన బరువంతా మొదట్లోనే దాచుకుంటుంది. నడిమధ్యకు బెత్తెడు అటూ ఇటూ అయినా కర్ర అబద్ధం చెబుతుంది, జాగ్రత్త.

ఒకటి మాత్రం చేయి. పెకలించిన కర్రను బయట తూచకు. ఆ పొరుగాయన కళ్ళముందే, ఆయన గదిలోనే తూచు.

అన్నయ్య

*

రింబో బుజాంగ్
ఏప్రిల్ 1984

అన్నయ్యా,

పొరుగాయన ఎవరూ లేరు. నీకు తెలుసనుకుంటాను. అయినా నా నోటితో చెప్పాలి.

వానలకు ముందు మీ బావ పెతాయ్ కాయలు కోయడానికి చెట్టెక్కి, కొమ్మ విరిగి పడ్డారు. పట్నం ఆసుపత్రిలో, "నరం తెగలేదు, నలిగింది, కదిలిస్తూ ఉంటే లేవచ్చు, లేవకపోవచ్చు" అన్నారు. మంచం కోళ్ళు కోసింది చల్లదనానికి కాదు, ఆయన్ని కుర్చీలోకి జరపడానికి. కుర్చీ ఏ కుండకో నీకు చెప్పక్కర్లేదు. "జావాలో ఒక్కరికి తెలిసినా నేను ఆ చెట్టే మళ్ళీ ఎక్కి దూకుతా" అని నాచేత ఒట్టు వేయించుకున్నారు. మేం బయల్దేరిన రోజు బస్టాండులో అందరూ "సుమత్రా పులులకు మేతగా పోతున్నారు" అని నవ్వడం ఆయన మరిచిపోలేదు. నాకేమో నీ భయం. తెలిస్తే వచ్చి మమ్మల్ని మోసుకుపోతావు. ఆయన లేవకపోతే ఎలాగూ అదే గతి, పొలం నా ఒక్కదాని వల్ల కాదు. కానీ మోసుకొచ్చిన మనిషిగా ఆయన ఆ ఊళ్ళో బతకరు, అన్నయ్యా. తిండి మానేసి చచ్చిపోతారు.

ఇప్పుడు కర్ర సంగతి విను. పెకలించి గదిలోకి తెచ్చి, తాడు కట్టి దూలానికి వేలాడదీశాను. మంచం మీంచి మాట వచ్చింది.

"మధ్యలో కట్టలేదు నువ్వు."

"దారం మడిచే కట్టాను."

"బెత్తెడు అటు జరిగింది. కళ్ళు లేవా?"

"అంత కళ్ళున్నవాళ్ళు మీరే కట్టండి!"

"ఇటు తే. తెమ్మంటుంటే!"

నేను కర్ర పట్టుకుని మంచం పక్కకు వెళ్ళాను. ఆయన క్రొమో తాత తాడు పట్టుకుని, ఒక్క గుంజుడు గుంజి లేచి కూర్చున్నారు. నేను ముడి విప్పాను, ఆయన దారం మడిచి మళ్ళీ కట్టారు. వదిలేస్తే కర్ర నెమ్మదిగా తిరిగి తిరిగి ఒక వైపు వాలింది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం. ఆయన కూర్చున్నారని నాకు తట్టలేదు, ఆయనకూ తట్టలేదు. కర్ర ఆగాక ఆయన "చూశావా, తలకిందులే పాతావు" అన్నారు గెలిచినట్టు. అప్పుడు తన కాళ్ళు మంచం కిందికి వేలాడుతుండడం చూసుకున్నారు. నేను బావి దగ్గరకు వెళ్ళిపోయాను. మా బావికి గిలక లేదు, అయినా వెళ్ళాను.

కర్ర తిప్పి పాతాను. ఇప్పుడు సాకు లేదు. కానీ ఆయన ఇంకా కమ్మీ పట్టుకోలేదు. రోజూ ఒకటే అడుగుతున్నారు: "మీ అన్నయ్య చెప్పిన ముసలాడు ఎక్కడిదాకా వచ్చాడు? లేచాడా?" అని. తాత లేచాడా, అన్నయ్యా?

తర్మి

*

బ్లోరా
ఏప్రిల్ 1984

తర్మీ,

ఈ కాగితం నీ ఒక్కదానికి. చదివి పొయ్యిలో పెట్టు. రెండోది ఆయనకు చదివి వినిపించు.

క్రొమో తాత లేడు. కుండ కుర్చీ ఉత్తరం వచ్చిన రోజు పుట్టాడు. ఆ సాయంత్రమే నేను సంచి సర్దుకున్నాను. మీ వదిన గుమ్మంలో అడ్డం నిలబడింది. "వెళ్ళి ఏం చేస్తారు? మిమ్మల్ని చూడగానే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? వాళ్ళు దాచుకున్నారంటే దాచుకోనివ్వండి, మీరు కొలతలు రాయండి చాలు" అంది. సంచి ఇంకా సర్దే ఉంది. నువ్వు ఒక్క మాట రాస్తే బయల్దేరతాను. రాయకపోతే కొలతలే రాస్తాను.

తాత పెళ్ళాం గురించి రాసినవన్నీ మీ వదిన చెబితే రాసినవి. నాకేం తెలుసు అవి?

అన్నయ్య

(రెండో కాగితం)

తర్మీ, శుభవార్త. మన క్రొమో తాత లేచాడు! కమ్మీలు పట్టుకుని, కాఫీలో చక్కెర కరిగేంతసేపు నిలబడ్డాడు. తొంభైకి దగ్గరపడ్డ ముసలాడు. ఇప్పుడు వీధిలో ఎవరు పోతున్నా పిలిచి "కుర్రాళ్ళకు చేతకానిది నేను చేశాను" అంటూ మీసం తిప్పుతున్నాడు. లవంగం సిగరెట్టు కూడా మొదలెట్టాడు. వగినోకు చెప్పు, పందెం కాయమంటున్నాడు.

*

రింబో బుజాంగ్
జూన్ 1984

అన్నయ్యా,

ఈసారి నేను రాయడం లేదు. మీ బావ కాగితం లాక్కున్నారు. నీకు కాదట, తాతకట. మధ్యలో నేనెవర్ని?

తర్మి

క్రొమో తాతగారికి,

వగినో సలాములు. మీరు లేచి నిలబడ్డారని విన్న రోజు నాకు పట్టరాని కోపమొచ్చింది. తొంభై ఏళ్ళ ముసలాడా నన్ను దాటేది అని కమ్మీ పట్టుకున్నాను. మొదటిసారి పడ్డాను. మీ మనవరాలి వరసైన తర్మి పట్టుకోబోతే "ఉండవే" అని అరిచి మళ్ళీ లేచాను. ఇప్పుడు కమ్మీల ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి వస్తున్నాను. ఎడమ కాలు ఈడుస్తోంది, కానీ నాతోనే వస్తోంది. కల్లు మానేసిన ఎద్దులా నడుస్తున్నారని తర్మి అంటుంది. ఎద్దు కల్లు ఎందుకు తాగుతుందో దాన్నే అడగాలి.

తాతగారూ, ఒక మాట. బ్లోరాలో దుంగలు లారీల మీద పోతున్నాయి. ఎడ్లబండికి దుంగలెక్కిస్తూ పడ్డానంటే, అదే అడవుల్లో పెరిగినవాణ్ణి, నేనెలా నమ్ముతాననుకున్నారు? మీరు లేరని నాకు మీ సంగతి రాసిన మొదటి ఉత్తరంతోనే తెలిసిపోయింది. లేకుండానే ఇంత పోరు పెట్టారు, ఉండి ఉంటే నన్ను బతకనిచ్చేవారు కాదు. మా బావకు ఎదుటివాడికి సిగ్గనిపించకుండా సాయం చేయడం ఎలాగో తెలుసు. ఆ మాట ఆయన మొహం మీద అనలేను కాబట్టి మీకు రాస్తున్నాను.

పని మాట. నన్ను దించడానికి తగ్గించిన మంచం ఇప్పుడు నాకే అడ్డం. కిందినుంచి లేవాలంటే మోకాళ్ళు ప్రాణం తీస్తున్నాయి. ఎత్తు పెంచాలి. కొత్త కోళ్ళు చేద్దామంటే, తర్మి వెళ్ళి బియ్యం డబ్బా అడుగు నుంచి గుడ్డలో చుట్టిన నాలుగు ముక్కలు తీసింది. ఒక్కోదాని మీద మసితో గుర్తు, మొదలు వైపు గీత. ఇన్నాళ్ళూ నేను ఆ బియ్యమే తిన్నాను, నాకు చెప్పలేదు.

వీటిని మళ్ళీ అతికించడం ఎలా? ఈసారి పని నేను చేస్తాను. కూర్చుని చేసే పనే కదా. తర్మి రంపం కోత వంకరగా ఉందని రాయమంటావా అంటే కొట్టడానికొస్తోంది. నిజానికి ఈనె పెట్టి గీసినట్టే ఉంది.

వగినో

*

బ్లోరా
జూలై 1984

బావా, తర్మీ,

మీ ఉత్తరం రంజాన్ పండక్కి ముందురోజు వచ్చింది. మీ వదిన చదివించుకుని, సర్ది ఉన్న నా సంచి విప్పి, బట్టలు ఉతకడానికి వేసింది. ఇక వచ్చినా చుట్టపుచూపుగా వస్తాను. క్రొమో తాత రాడు, పందెం ఓడినందుకు మొహం చెల్లడం లేదట.

పని విను బావా. కోడుకూ ముక్కకూ నడిమధ్య బెజ్జం పెట్టు. బర్మా లేకపోతే కాల్చిన ఇనుప ఊచ చాలు. రెండు బెజ్జాలూ ఎదురెదురుగా రావాలంటే, కోడు మధ్యలో చిన్న మేకు సగం దిగగొట్టి, తల తుంచి, తెగిన కొసను మొనదేల్చి, ముక్కను దాని మీద నొక్కు. ఎక్కడ గుచ్చుకుంటే అక్కడే బెజ్జం. బాగా ఎండిన వెదురు చీల చెక్కి బిగించు. ఏ ముక్క దాని కోడుకే, గీత ఉన్న వైపు కిందికి. మొదలు నేల మీద ఉండాలి, నీకు నేను చెప్పక్కర్లేదు. సైకిల్ ట్యూబు గట్టిగా చుట్టు, మూడు రోజులాగి విప్పు.

రంపం తిన్నంత మేర పాత ఎత్తు రాదు. వెంట్రుకవాసి తగ్గుతుంది. దానికి బాధపడకు, మంచం నిలబడుతుంది.

ఒట్టి చీలతో సరిపెట్టొచ్చు, కావాలంటే మళ్ళీ ఊడదీసుకోవచ్చు అని నీకు అనిపించొచ్చు. వద్దు. జిగురు కాచి నిండా పోసెయ్. మళ్ళీ తీసే పని మనకు లేదు.

పర్జియో